ఫైవ్ స్టార్ జోస్యం ఎందాకా? అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో అంచనాలు, ఆటగాళ్ల ఎదుగుదల

2022 జనవరి 10న ఇండియానాపొలిస్‌లో జరిగిన తుదిపోరులో జార్జియా విశ్వవిద్యాలయం జట్టు 33-18తో అలబామాను ఓడించింది. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో 1980 సీజన్ తర్వాత జార్జియాకు దక్కిన తొలి జాతీయ కిరీటం అది. ఆ జట్టులో అధికులు హైస్కూలు రోజుల్లోనే దేశమంతటా పేరు మోగినవారు. వారందరినీ ముందుండి నడిపిన క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్ మాత్రం తొలుత స్కాలర్‌షిప్ కూడా లేకుండా జట్టులో చేరినవాడు.

ఆ ఒక్క మ్యాచ్‌ను రెండు వర్గాల అభిమానులూ నేటికీ తమ సాక్ష్యంగా చూపుకొంటారు. హైస్కూలు ఆటగాళ్లకు నిపుణులు ఇచ్చే స్టార్ రేటింగులే అంతిమంగా కిరీటాలు తెస్తాయని ఒక వర్గం వాదన. రేటింగులు ఒట్టి కాకిలెక్కలనీ, కుర్రాడిని తీర్చిదిద్దే శిక్షణే అసలు సంగతనీ మరో వర్గం వాదన. ఏటా డిసెంబరులో కొత్త ఆటగాళ్ల సంతకాల వేళ దగ్గరపడుతుంటే ఈ వాదన అమెరికాలో ఇంటింటా మొదలవుతుంది. నిజానికి ఈ ఇరువర్గాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ ఒకే ప్రశ్నపై పోట్లాడుకుంటున్నట్టు భ్రమపడుతున్నాయి.

ముందుగా ఒక వివరణ. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన కోల్‌కతాలోనో కేరళలోనో ఆడేది కాదు. శిరస్త్రాణాలు, భుజకవచాలు ధరించిన పదకొండు మంది చొప్పున రెండు జట్లు, కోలగా ఉండే బంతిని చేతపట్టి పరుగెడుతూ, విసురుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఇది. దీని ఉన్నతస్థాయి కళాశాల విభాగంలో 130కి పైగా విశ్వవిద్యాలయాల జట్లున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. కింది మెట్టున హైస్కూలు ఆటకూ ఆదరణ తక్కువేమీ కాదు. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన డాలస్ శివార్లలోని ఆలెన్ పట్టణంలో, కేవలం హైస్కూలు జట్టు కోసం 18 వేల ఆసనాల స్టేడియం కట్టారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎంఎస్ చదవడానికి వెళ్లిన విద్యార్థికి శరదృతువులో వచ్చే మొదటి శనివారమే అర్థమవుతుంది, తాను చేరిన విశ్వవిద్యాలయంలో చదువుతోపాటు మరొకటి కూడా నడుస్తోందని.

ఎంచుకునేది కుర్రాడే

ఐపీఎల్ వేలంలో ఆటగాడిని జట్టు ఎంచుకుంటుంది. 2024 నవంబరు వేలంలో 13 ఏళ్ల వైభవ్ సూర్యవంశీని రాజస్థాన్ రాయల్స్ రూ.1.10 కోట్లకు తీసుకున్నప్పుడు, ఏ జట్టుకు వెళ్లాలో తేల్చుకునే అవకాశం ఆ బాలుడికి లేదు. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ నిర్వహించే డ్రాఫ్ట్ కూడా ఇలాంటిదే. కళాశాల స్థాయిలో వ్యవహారం తలకిందులు. ఇక్కడ పదిహేడేళ్ల కుర్రాడే కళాశాలను ఎంచుకుంటాడు. పేరుమోసిన కోచ్‌లు, వారు ఎంత పెద్ద జీతగాళ్లయినా సరే, అతని ఇంటికి వెళ్లి, తల్లిదండ్రుల ఎదుట కూర్చుని, తమ జట్టులో చేరమని అడుగుతారు. ఎంసెట్ ర్యాంకు చేతపట్టుకుని కౌన్సెలింగ్ కేంద్రాల ముందు బారులు తీరిన మనకు ఈ దృశ్యం కాస్త వింతగానే తోస్తుంది.

నిర్ణయం కుర్రాడి మనసులో ఉంది కాబట్టే, ఆ మనసులో ఏముందో చెప్పే వృత్తి ఒకటి పుట్టుకొచ్చింది. రైవల్స్, ఈఎస్‌పీఎన్, 247స్పోర్ట్స్, ఆన్3 వంటి సంస్థల విలేకరులు కుర్రాళ్లతో, వారి కుటుంబాలతో, హైస్కూలు కోచ్‌లతో నిత్యం మాట్లాడుతూ ఫలానావాడు ఫలానా కళాశాలకు వెళ్తాడని పేరుపెట్టి అంచనా ప్రకటిస్తారు. 247స్పోర్ట్స్ తన అంచనాల పట్టికకు పెట్టుకున్న పేరుకు అర్థం భవిష్యత్తును చూపే స్ఫటిక గోళం. మన పల్లెల్లో అంజనం వేసి చూడటం లాంటిదన్న మాట. అయితే అంజనం వేసేవారికి లేని జవాబుదారీ వీరికి ఉంది. ఎవరు ఎన్ని అంచనాలు వేశారో, అందులో ఎన్ని ఫలించాయో బహిరంగంగా లెక్క ఉంటుంది.

ఈ అంచనాలు తరచూ నిజమవుతాయి. అందులో మాయ ఏమీ లేదు. జవాబు ఆ కుర్రాడికీ, ఇంట్లోవారికీ, ఇద్దరు ముగ్గురు కోచ్‌లకూ ముందే తెలిసి ఉంటుంది. దాన్ని రాబట్టగలగడం విలేకరి నైపుణ్యం. వేసవిలో ఎవరు ఏ కళాశాలను ఎన్నిసార్లు సందర్శించారు, ఎవరి తల్లి ఏ కోచ్‌ను మెచ్చుకున్నారు అన్నవి అభిమానులు సైతం గుచ్చి గుచ్చి లెక్కించేది అందుకే. తల్లి మాటకు విలువ ఎంతో 2012 జనవరిలో అమెరికా మొత్తం టెలివిజన్‌లో చూసింది. లూసియానాకు చెందిన లాండన్ కాలిన్స్ సొంత రాష్ట్రపు ఎల్‌ఎస్‌యూను కాదని అలబామా పేరు ప్రకటించగానే, పక్కనే కూర్చున్న అతని తల్లి తన అసంతృప్తిని దాచుకోలేదు. కాలిన్స్ మాత్రం నిర్ణయం మార్చుకోలేదు. ఆ ఏడాదే అలబామా జాతీయ విజేత అయింది.

'కమిట్' అన్న మాటతో చిక్కు

ఈ వార్తలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ప్రతిసారీ కలం ఆగేది 'కమిట్' అన్న క్రియాపదం దగ్గర. కట్టుబడ్డాడు అని రాద్దామంటే ఆ కుర్రాడు దేనికీ కట్టుబడలేదు. మాట ఇచ్చాడు అందామంటే మన భాషలో మాట ఇవ్వడానికి ఉన్న బరువు ఆ సందర్భంలో లేదు. కుర్రాడు నోటితో చేసే ఈ ప్రకటనకు చట్టబద్ధత ఏమీ లేదు. సంతకం చేసే రోజు వరకు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. 2025 బ్యాచ్‌లో అగ్రస్థానంలో నిలిచిన క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ అండర్‌వుడ్, 2024 జనవరిలో ఎల్‌ఎస్‌యూ పేరు ప్రకటించి, అదే ఏడాది నవంబరు 21న సొంత రాష్ట్రపు మిషిగన్ వైపు మళ్లాడు. సంతకాలకు అప్పటికి రెండు వారాలు కూడా లేదు. 2021 డిసెంబరులో ట్రావిస్ హంటర్ అయితే సంతకాల రోజునే ఫ్లోరిడా స్టేట్‌ను వదిలి, చిన్న విభాగంలో ఆడే జాక్సన్ స్టేట్‌ను ఎంచుకుని అందరినీ నివ్వెరపరిచాడు. అతను ఆపై కొలరాడోకు మారి 2024లో కళాశాల ఫుట్‌బాల్ అత్యున్నత పురస్కారం హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు.

ఇలా మనసు మార్చుకున్న కుర్రాళ్లపై పెద్దవయసు అభిమానులు సామాజిక మాధ్యమాల్లో దూషణలకు దిగడం ఈ వ్యవహారంలో అన్నింటికన్నా రోత పుట్టించే పార్శ్వం. ఏ కళాశాలలో చేరాలో తేల్చుకోలేక సతమతమయ్యే పదిహేడేళ్లవారు మన ఇళ్లలోనూ ఉంటారు. వారి సందిగ్ధతకు ప్రేక్షకులు ఉండరు, అంతే.

స్టార్లు ఏం కొలుస్తాయి?

కుర్రాడు ఎక్కడ చేరతాడన్నది మొదటి ప్రశ్న. చేరాక ఏమవుతాడన్నది రెండోది. దీని జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు. అయినా చెప్పక తప్పదు కాబట్టి స్టార్లు ఇస్తారు.

పరిశీలకులు మ్యాచ్‌ల వీడియోలు చూస్తారు. వేసవి శిబిరాల్లో ఎత్తు, బరువు, చేతుల పొడవు, 40 గజాల పరుగు కొలుస్తారు. అథ్లెటిక్స్‌లో నమోదైన సమయాలనూ లెక్కలోకి తీసుకుంటారు. ఆపై ఆటగాడిని రెండు నుంచి ఐదు స్టార్ల మధ్య నిలబెడతారు. 247స్పోర్ట్స్ ఏటా 32 మందికి ఐదు స్టార్లు ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకోవడానికి కారణం ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ తొలి రౌండులో 32 ఎంపికలు ఉండటమే. అంటే ఐదు స్టార్ల కుర్రాడంటే, మూడు నాలుగేళ్ల తర్వాత తొలి రౌండులో ఎంపిక కాగలవాడని ఆ సంస్థ ఇప్పుడే చెబుతోందన్నమాట. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న నమ్మకానికి ఇది అంకెల్లో రూపం.

ఈ పద్ధతిలో లొసుగులున్నాయి. అలబామానో జార్జియానో ఒక కుర్రాడికి ఆహ్వానం పంపితే, ఆ తర్వాత అతని స్టార్లు పెరుగుతాయని విమర్శకులు ఎప్పటినుంచో అంటున్నారు. మంచి ఆటగాడు కాబట్టి పెద్ద కళాశాల పిలిచిందా, పెద్ద కళాశాల పిలిచింది కాబట్టి మంచి ఆటగాడయ్యాడా? రెండోదే అయితే, పెద్ద కళాశాలలకు మంచి ఆటగాళ్లు దొరికారని చెప్పడం తిరగలి చుట్టూ తిరిగినట్టే. శిబిరాలకు వెళ్లే ఖర్చు భరించలేని, మారుమూల పట్టణాల కుర్రాళ్లు పరిశీలకుల కంట పడకపోవడం మరో లోపం.

అయినప్పటికీ గణాంకాలను పక్కకు నెట్టేయలేం. విశ్లేషకుడు బడ్ ఎలియట్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఒక లెక్క ఉంది. గత నాలుగేళ్లలో ఒక జట్టు చేర్చుకున్న హైస్కూలు ఆటగాళ్లలో కనీసం సగం మంది నాలుగు లేదా ఐదు స్టార్లవారై ఉంటేనే అది జాతీయ విజేత కాగలదని ఆయన సూత్రం. దశాబ్దానికి పైగా ఏ విజేతా ఈ గీతకు దిగువన నిలవలేదు. 2023 జనవరిలో ఆ గీతకు చాలా దిగువన ఉన్న టీసీయూ తుదిపోరుకు చేరినప్పుడు సూత్రం బీటలువారుతుందని అనుకున్నవారు లేకపోలేదు. జార్జియా 65-7తో గెలిచింది.

మూడు స్టార్లవారి వాదన

రేటింగులను కొట్టిపారేసేవారి దగ్గర ఉన్న ప్రధాన అస్త్రం ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల జాబితా. అందులో ఎందరో మూడు స్టార్లవారు, రెండు స్టార్లవారు కనిపిస్తారు. కాబట్టి స్టార్లకు అర్థం లేదంటారు. ఈ తర్కంలో ఒక పొరపాటు దాగి ఉంది. దాన్ని విప్పిచూడటం అవసరం, ఎందుకంటే ఇలాంటి పొరపాటు ఆటల్లోనే కాదు, ఎంట్రన్స్ ర్యాంకుల చర్చల్లోనూ మనం చేస్తుంటాం.

ఏటా ఐదు స్టార్లు పొందేవారు సుమారు 30 మంది. మూడు స్టార్లవారు వెయ్యికి పైగా. ఉదాహరణకు ఐదు స్టార్లవారిలో సగం మంది, మూడు స్టార్లవారిలో ఇరవై మందికొకరు వృత్తి ఆటగాళ్లవుతారని అనుకుందాం. అప్పుడు పైకి చేరిన ఐదు స్టార్లవారు 15 మంది, మూడు స్టార్లవారు 50 మందికి పైగా. జాబితా చూసినవారికి మూడు స్టార్లవారే మూడింతలు కనిపిస్తారు. అయినా ఒక్కొక్క కుర్రాడికి ఉన్న అవకాశం చూస్తే ఐదు స్టార్లవాడిది పదింతలు. పైకి వచ్చినవారిని చూసి మాట్లాడేవారు రాలేకపోయిన 950 మందిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

స్టార్లు గుంపు గురించి చెబుతాయి. ఫలానా కుర్రాడి గురించి కచ్చితంగా చెప్పలేవు. బీమా సంస్థ వెయ్యి మంది ఆయుర్దాయాన్ని లెక్కగట్టగలదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో చెప్పలేదు. అభిమానికి కావలసింది మాత్రం రెండోదే. తన జట్టులో చేరిన ఆ ఒక్క కుర్రాడు ఏమవుతాడు?

2021 సీజన్ జార్జియా జట్టునే మళ్లీ చూద్దాం. ఆ సీజన్ ముగిశాక 2022 డ్రాఫ్ట్‌లో ఆ ఒక్క జట్టు నుంచి 15 మంది ఎంపికయ్యారు. ఏడు రౌండ్ల డ్రాఫ్ట్ చరిత్రలో అది రికార్డు. రక్షణ విభాగం నుంచే ఐదుగురు తొలి రౌండులో వెళ్లారు. ఐదు స్టార్లతో వచ్చిన ట్రావన్ వాకర్ మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా ఎంపికయ్యాడు. మూడు స్టార్లతో వచ్చిన జోర్డన్ డేవిస్ 13వ స్థానంలో వెళ్లాడు. దేశంలో అత్యుత్తమ లైన్‌బ్యాకర్‌గా బట్కస్ పురస్కారం గెలిచిన ఐదు స్టార్ల నకోబీ డీన్ మూడో రౌండు వరకు నిరీక్షించాల్సి వచ్చింది. ఒకే మైదానం, ఒకే శిక్షకులు, ఒకే భోజనశాల. జట్టు గురించి స్టార్లు చెప్పింది అక్షరాలా నిజమైంది. విడివిడిగా ఒక్కొక్కరి గురించి చెప్పింది కొన్నిచోట్ల నిజమై, కొన్నిచోట్ల తప్పింది.

బెనెట్ ఆరేళ్లు

ఇక బెనెట్ సంగతి. జార్జియా రాష్ట్రంలోని బ్లాక్‌షియర్ అనే చిన్న పట్టణం అతనిది. 2017లో 'వాక్-ఆన్'గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరాడు. ఇలాంటివారి ప్రధాన విధి సాధన సమయంలో ప్రత్యర్థి ఆటగాడిలా నటించడం. ఆ ఏడాది డిసెంబరులో ఓక్లహోమాతో రోజ్ బౌల్ మ్యాచ్‌కు సిద్ధమవుతున్నప్పుడు, ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ పాత్రను బెనెట్ పోషించాడు. అతని అనుకరణ అచ్చుగుద్దినట్టు ఉండటంతో సీనియర్ల దృష్టి అతనిపై పడింది. విచిత్రం ఏమిటంటే, 2017 హైస్‌మన్ విజేత అయిన మేఫీల్డ్ సైతం రెండు కళాశాలల్లో వాక్-ఆన్‌గా చేరినవాడే.

మరుసటి ఏడాది బెనెట్ మిసిసిపిలోని ఒక జూనియర్ కాలేజీకి వెళ్లి ఆడాడు. 2019లో తిరిగివచ్చాడు. రెండేళ్లు బల్లపై కూర్చుంటూ, అవసరమైనప్పుడు లేస్తూ గడిపాడు. 2021లో ఆరంభ క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాక వచ్చిన అవకాశాన్ని వదల్లేదు. వరుసగా రెండు జాతీయ కిరీటాలు అందుకునేనాటికి అతని వయసు 25. బెనెట్‌లో దాగిన ప్రతిభను పరిశీలకులు గుర్తించలేకపోయారన్నది నిజమే కావచ్చు. ఆ ప్రతిభ 2017లోనే పూర్తిగా ఉందా, ఆరేళ్లలో తయారైందా అన్నది ఎవరు తేల్చగలరు?

శిక్షణ అన్న ఒక్క మాట కింద చాలా సంగతులు అణిగి ఉంటాయి. శరీరాన్ని పెంచే వ్యాయామ శిక్షకుడు, తిండి లెక్కలు చూసే పోషకాహార నిపుణుడు, వీడియో గదిలో గంటలకొద్దీ కూర్చోబెట్టే కోచ్, వీటన్నింటికన్నా ముఖ్యంగా సరైన స్థానం. విస్కాన్సిన్‌కు చెందిన జె.జె. వాట్ రెండు స్టార్లతో సెంట్రల్ మిషిగన్‌లో టైట్ ఎండ్‌గా, అంటే బంతి అందుకునే స్థానంలో చేరాడు. అక్కడ సంతృప్తి లేక స్కాలర్‌షిప్ వదులుకుని, పిజ్జాలు ఇంటింటికీ చేరవేసే పని చేసి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వాక్-ఆన్‌గా చేరాడు. అక్కడ అతన్ని రక్షణ విభాగానికి మార్చారు. 2011 డ్రాఫ్ట్‌లో 11వవాడిగా ఎంపికై, ఎన్‌ఎఫ్‌ఎల్ ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారాన్ని మూడుసార్లు గెలిచాడు. కాలిఫోర్నియా పల్లె కుర్రాడు జాష్ ఆలెన్‌కు హైస్కూలు నుంచి ఉన్నతస్థాయి కళాశాల ఒక్కటి కూడా పిలుపు పంపలేదు. జూనియర్ కాలేజీలో ఆడుతూ దేశంలోని కోచ్‌లందరికీ ఈమెయిళ్లు రాశాడు. వయోమింగ్ విశ్వవిద్యాలయం స్పందించింది. 2024 సీజన్‌లో అతను ఎన్‌ఎఫ్‌ఎల్ అత్యంత విలువైన ఆటగాడు.

ఐదు స్టార్లవారికి ఈ నిరీక్షణ అక్కర్లేదనుకుంటే పొరపాటు. 2023 బ్యాచ్‌లో అగ్రగణ్యుడు, ప్రసిద్ధ క్వార్టర్‌బ్యాక్‌లు పేటన్, ఈలై మానింగ్‌ల అన్న కొడుకు ఆర్చ్ మానింగ్ టెక్సస్‌లో రెండు సీజన్లు క్విన్ యూవర్స్ వెనుక నిలబడ్డాడు. 2025 ఆగస్టు 30న ఒహాయో స్టేట్‌పై 14-7తో ఓడగానే, అది సీజన్‌లో తొలి మ్యాచ్ అన్న స్పృహ లేకుండా అతనిపై విమర్శలు వెల్లువెత్తాయి.

ఓపికకు చోటు తగ్గుతోంది

వాట్, ఆలెన్, బెనెట్‌లకు ఉమ్మడిగా దొరికింది సమయం. ఇప్పుడు కరవవుతున్నదీ అదే. 2018 అక్టోబరులో ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ను ప్రారంభించింది. అంతకుముందు కళాశాల మారిన ఆటగాడు సాధారణంగా ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండాల్సి వచ్చేది. 2021లో ఒకసారి మారడానికి మినహాయింపు ఇచ్చారు. 2024లో, చదువు సక్రమంగా సాగుతుంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చన్నారు. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాలపై ప్రకటనల ఆదాయం పొందవచ్చు. 2025 జూన్ 6న ఫెడరల్ న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయానికి అన్ని క్రీడలకూ కలిపి దాదాపు 2.05 కోట్ల డాలర్ల పరిమితి.

దశాబ్దాలపాటు శ్రమకు తగ్గ ప్రతిఫలం లేని యువకులకు ఇది న్యాయమే. వద్దనడానికి ఎవరికీ హక్కు లేదు. అయితే దీని పర్యవసానం అంచనాల లెక్కపై పడింది. పదిహేడేళ్ల కుర్రాడు మూడేళ్లకు ఎలా తయారవుతాడో ఊహించి నష్టపోవడం కన్నా, మరోచోట ఇప్పటికే తయారైన ఇరవై రెండేళ్లవాడిని తెచ్చుకోవడం కోచ్‌కు భద్రం.

ఇండియానా విశ్వవిద్యాలయం ఇందుకు తిరుగులేని ఉదాహరణ. 2023లో 12 మ్యాచ్‌ల్లో మూడే గెలిచిన ఆ జట్టుకు కర్ట్ సిగ్నెటీ కోచ్‌గా వచ్చి, తన పాత కళాశాల జేమ్స్ మాడిసన్ నుంచి పలువురు ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నాడు. 2025 సీజన్‌లో ఇండియానా ఓటమి లేకుండా జాతీయ విజేత అయింది. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోసా హైస్‌మన్ గెలిచాడు. హైస్కూలులో పెద్దగా ఎవరూ పట్టించుకోని అతను తొలుత యేల్‌కు వెళ్దామనుకుని, చివరికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడి, అక్కడి నుంచి ఇండియానాకు వచ్చాడు. బడ్ ఎలియట్ సూత్రం ఎట్టకేలకు వీగిపోయింది. స్టార్లను వెక్కిరించేవారు పండగ చేసుకున్నారు. కానీ ఆ సూత్రం హైస్కూలు నుంచి వచ్చినవారినే లెక్కిస్తుంది, బదిలీపై వచ్చినవారిని కాదు. ఇండియానా గెలుపు మూడు స్టార్ల ఆటగాళ్ల ఎదుగుదలకు నిదర్శనమే. ఆ ఎదుగుదలకు కావలసిన ఏళ్లలో చాలా భాగం ఖర్చు పెట్టింది వేరే కళాశాలలు.

అలా ఖర్చు పెట్టే కళాశాలలు ఎన్నాళ్లు ముందుకొస్తాయన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. పెంచినవాడిని మరొకరు తీసుకుపోతుంటే, పెంచడం ఎందుకని వారు అనుకోవచ్చు. 2025 ఒప్పందం 85 స్కాలర్‌షిప్పుల పాత పరిమితిని తీసేసి, దాని బదులు జట్టు మొత్తం సంఖ్యను 105కు కుదించింది. అంతకుముందు వాక్-ఆన్‌లతో కలిపి అనేక జట్లలో అంతకన్నా ఎక్కువ మందే ఉండేవారు. అప్పటికే జట్లలో ఉన్నవారికి కొంత మినహాయింపు దొరికింది. ఇకపై కొత్తగా వచ్చేవారికి లేదు. తొలగిన ఆ స్థానాలే 2017లో బెనెట్ నిలబడిన స్థానాలు.

అమెరికా హైస్కూళ్లలో దాదాపు పది లక్షల మంది బాలురు ఈ ఆట ఆడుతున్నారు. వారిలో ఎంపికైన కొద్దిమంది ఏటా డిసెంబరు తొలివారంలో బల్లపై టోపీలు పేర్చుకుని, ఒకటి తలపై పెట్టుకుని, సంతకం చేస్తారు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ జనవరిలో తెరుచుకుంటుంది. డిసెంబరులో మూడు స్టార్లతో సంతకం చేసిన కుర్రాడు జనవరిలో తెలుసుకోవాల్సింది, తన స్థానంలో ఆడటానికి అనుభవజ్ఞుడు ఎవరైనా వస్తున్నాడా అన్నది.